ఒడ్డుకు రెండు గుర్తులు

కంపాంగ్ సోమ్
వర్షావాసం మొదటి వారం

పూజ్యులైన స్వామివారి పాదాలకు అక్క మాలిస్ మూడుసార్లు మొక్కి రాసేది.

చూశారా స్వామీ, పద్ధతిగానే మొదలుపెట్టాను. చిన్నప్పుడు ముక్కు చీది నా గౌనుకు తుడిచినవాడికి ఇలా రాయాలంటే చెయ్యి మొరాయిస్తోంది. పక్కనే కూర్చున్న అమ్మేమో, "సరిగ్గా రాయవే. కాషాయం కట్టాక ఆయన నీ తమ్ముడు కాదు, నా కొడుకూ కాదు" అని సాధిస్తోంది. అంటూనే మీకు పంపే ఎండు రొయ్యల్లోంచి ముక్కిపోయినవన్నీ ఒక్కొక్కటే ఏరి నా పులుసులోకి పడేసింది.

వానాకాలం మూడు నెలలూ మీ గురువుగారు అందరి ఫోన్లూ పెట్టెలో వేసి తాళం పెడతారని విని అమ్మ ఎంత సంతోషించిందో! ఫోనులో మాట గాలికి పోతుందట, ఉత్తరమైతే కళ్ళకద్దుకోవచ్చట. హెంగ్ బాబాయ్ నడిపే బస్సు బట్టంబాంగ్ దాకా వస్తుంది కదా, ఉత్తరాలు ఆయన చేతికే ఇస్తాను. మీ జవాబులూ ఆయనకే ఇవ్వండి.

ఇక ఇక్కడి సంగతులు. మన ఒడ్డును ఇప్పుడు చూస్తే మీరు గుర్తుపట్టరు. ఎక్కడో పల్లం పూడ్చి మేడలు కట్టడానికి మన సముద్రం అడుగునుంచి ఇసుక తోడుకుపోయారు. సముద్రం ఊరుకుంటుందా? ఆ లోటుకు మన ఒడ్డు లాక్కుంది. నేను పీతల పొయ్యి పెట్టుకునే చోట ఇప్పుడు అలలు. నాన్న సరుగుడు చెట్టు కూడా వేళ్ళు తేలి ఒరిగిపోతే రంపంతో కోసి పట్టుకెళ్ళారు. దాని పక్కనే హోటళ్ళ మురుగు కాలువ వచ్చి కలుస్తోంది. నీళ్ళు బొగ్గులు కడిగినట్టున్నాయి. పీతలు ఉడకబెడితే కిరసనాయిలు వాసన. తినేవాళ్ళు లేక, పొయ్యిని మేడలు కట్టే కూలీల దగ్గరికి మార్చాను. నా నూడుల్స్ పులుసు బాగానే తాగుతున్నారు.

అమ్మ బాగానే ఉంది. సాయంత్రాలు అలా ఒడ్డుకు నడిచి వస్తుంది.

మీ అక్క
మాలిస్


బట్టంబాంగ్
విహారం

ఉపాసిక మాలిస్‌కు ధర్మక్షేమం కలుగుగాక.

రొయ్యలు అందాయి. అందరం పంచుకున్నాం. ఇక్కడంతా వాన, వరిపొలాలు, కప్పలు. కప్పలు ఆగితే గురువుగారి గురక. సముద్రం వాసన ఒక్క పూట విహారమంతా ఉండిపోయింది.

చెట్టు పోయిందని చదివి ఆ పూట పాఠం తప్పు చదివాను. నాన్న సముద్రం మీద పోయేనాటికి నాకు మూడేళ్ళు. ఆయన ముఖం నాకు తెలియదు. పడవను ఒడ్డుకు తేవడానికి ఆయన చెప్పే మాట మాత్రం తెలుసు, నీవు చెప్పగా చెప్పగా వచ్చేసింది: "కొండగుడి శిఖరం సరుగుడు చెట్టు తల మీద కూర్చోవాలి. కూర్చుంటే దారి, తప్పితే రాళ్ళు." చేపలవాళ్ళ పిల్లలు ఎక్కాల కన్నా ముందు ఇలాంటివి నేర్చుకుంటారని చెబితే ఇక్కడ పొలాల వాళ్ళు నవ్వుతారు.

కొండగుడి ఇంకా కనబడుతోందా? అమ్మ ఒడ్డుకు ఏ వైపు నడుస్తోంది? "బాగానే ఉంది" అని నీవు ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు అనుమానం. ఏదైనా బాగుంటే నీవు రెండు పేజీలు రాసే మనిషివి.

కలలను నమ్మకూడదు. అయినా రాస్తున్నాను. తరచూ ఒకటే కల. ప్రార్థన శాల గచ్చు మీద తడి పాదాల గుర్తులు, నల్లటి నీళ్ళవి. గుమ్మంలోంచి నా చాప వైపు వస్తాయి, మధ్యలో ఆగిపోతాయి. వచ్చినవాడికి నేనెవరో తెలియనట్టు.

భిక్షు సారిన్


కంపాంగ్ సోమ్

స్వామివారికి మాలిస్ మొక్కి రాసేది.

పసిగట్టే ముక్కు మీకు చిన్నప్పటినుంచీ ఉంది. దాచి లాభం లేదు, చెబుతున్నాను.

కొండగుడి కనబడదు. దానికీ మన ఒడ్డుకీ మధ్య జూదశాల మేడ లేచింది. సముద్రం మీంచి చూసేవాడికి ఇప్పుడు చెట్టూ లేదు, శిఖరమూ లేదు.

అమ్మ నడుస్తున్నది ఒడ్డుకు కాదు స్వామీ, నీళ్ళలోకి. పొద్దు వాలగానే నాన్న గళ్ళ కండువా తలకు చుట్టుకుని, ఆ మురుగు కాలువ పక్కన మోకాలి లోతు దిగి నిలబడుతుంది. మొదట చేపలకేమో అనుకున్నాను. ఒకరోజు వెనకే దిగి చెయ్యి పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావమ్మా ఈ కంపులో?"

"కదిలించకే. మొదలు మీద నిలబడ్డాను. జారితే మళ్ళీ వెతుక్కోవాలి."

"ఏం మొదలు?"

"చెట్టు మొదలే. కోసినోళ్ళు పైది కోసుకుపోయారు గానీ అడుగు ఇక్కడే ఉంది. కాలికి తగులుతోంది. నువ్వూ పెట్టి చూడు."

పెట్టి చూశాను. ఉంది. బురద కింద రంపం కోత ఇంకా గరుకుగానే ఉంది.

"ఇన్నేళ్ళూ ఆయన రాలేదంటే సముద్రం పెద్దది, వెతుక్కుంటున్నాడులే అనుకున్నా. ఎప్పుడొచ్చినా ఒడ్డు తెలిసేది కదా. ఇప్పుడు తెలియకుండా చేసి పెట్టారు. చెట్టు లేకపోతే చెట్టు చోట నేనుంటా. నీకేం పోయింది?" అంది.

నాకేం పోయిందో మీరే చెప్పండి. అమ్మకు షుగరు ఉందని మీకు తెలుసు. కాళ్ళ నిండా పుళ్ళు. పొద్దున మందు రాసి కట్టు కడితే సాయంత్రం ఆ నీళ్ళలో కడిగేసుకుని వస్తోంది. "మీ ముసలమ్మ కొంగజపం చేస్తోందే" అని కూలీలు నవ్వుతున్నారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వి, పొయ్యి ఊదే వంకతో ఏడ్చాను.

పూనకం వచ్చే ఆవిడను కూడా పిలిపించాను. ఆవిడ ఊగి ఊగి, "మీ ఆయన సుఖంగా ఉన్నారు. దయచేసి నీళ్ళలో దిగవద్దని మిమ్మల్ని కోరుతున్నారు" అంది. అమ్మ లేచి లుంగీ దులుపుకుని, "మా ఆయన బతికుండగా నాతో ఒక్కనాడు ఇంత మర్యాదగా మాట్లాడలేదమ్మా. నువ్వు వేరెవరినో పట్టుకొచ్చావు, పంపించెయ్" అనేసింది.

ఆమె నమ్మేది ఒక్కరినే. అది మీరు. మీ ఉత్తరం వస్తే నుదుటికి ఆనించుకుని, ఆ తర్వాతే విప్పనిస్తుంది. ఒక్క ముక్క రాయండి స్వామీ. ధ్యానంలో నాన్నను చూశాను, మంచి చోట మళ్ళీ పుట్టాడు, ఇక సముద్రం మీద లేడు అని. అంతే చాలు. ఆ రోజునుంచే మానేస్తుంది.

మాలిస్


బట్టంబాంగ్
విహారం

ఉపాసిక మాలిస్‌కు.

నీవు అడిగినది నేను చేయలేను.

కోపం తెచ్చుకోకుండా చదువు. భిక్షువు చేయకూడనివి చాలా ఉన్నాయి. చేసినా, నలుగురిలో ఒప్పుకుని మళ్ళీ వరసలో కూర్చోవచ్చు. నాలుగింటికి మాత్రం ఆ వీలు లేదు. మనిషి ప్రాణం తీయడం వాటిలో ఒకటి. చూడనిదాన్ని ధ్యానంలో చూశానని చెప్పడం ఇంకొకటి. ఆ మాట విన్నవాళ్ళకు అర్థమైన క్షణానే భిక్షుత్వం పోతుంది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు, ఎవరూ వెళ్ళగొట్టనక్కర్లేదు. ఒంటి మీద కాషాయం అలాగే ఉంటుంది, లోపల భిక్షువు ఉండడు. ఈ జన్మలో మళ్ళీ కాలేడు. మొవ్వు నరికిన తాటిచెట్టు అంటారు గురువుగారు. మా చెరువు గట్టున అలాంటిది ఒకటుంది. పచ్చటి చెట్ల మధ్య నిలబడే ఉంది. అంతే, నిలబడే ఉంది.

నన్ను పంపిన రోజున అమ్మ అన్న మాట నీకు గుర్తుందా? "నా కొడుకు కాషాయం అంచు పట్టుకుని నేను గట్టెక్కుతాను" అని వాడంతా చెప్పుకుంది. ఆ అబద్ధం రాస్తే ఆమె పట్టుకున్న అంచునే నేను కోసినట్టు.

తల్లికి జబ్బు చేస్తే వర్షావాసంలో కూడా ఏడు రోజులు వెళ్ళిరావడానికి అనుమతి ఉంది. అడుగుతాను, వస్తాను.

ఆ నీళ్ళలో నువ్వు దిగకు అక్కా. పీతలు కరిచి నీ చేతుల నిండా గాట్లే కదా.

భిక్షు సారిన్


కంపాంగ్ సోమ్

పూజ్యులైన స్వామివారికి తల్లి మొక్కి చెప్పుకునేది.

(ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. అబద్ధాలు ఆమెవి, అక్షరాలు నావి. మాలిస్.)

మాలిస్ నా గురించి ఏవేవో రాస్తోందని తెలిసింది. దానికి చిన్నప్పటినుంచీ ఆవగింజను గుమ్మడికాయ చేయడం అలవాటు. వానకు కాళ్ళు నానాయి, అంతే. మీరు రావద్దు. వర్షావాసం మధ్యలో విహారం వదిలి నా కోసం వస్తే ఆ పాపం నాకు. మీరు వస్తారని తెలిస్తే రాత్రి కూడా నీళ్ళలోనే ఉంటానని చెప్పమని మాలిస్‌కు చెబితే అది రాయనంటోంది. రాయించాను.

ప్చుమ్ బెన్ రోజుల్లో పోయిన పెద్దల పేర్లు చదివేటప్పుడు మీ నాన్న పేరు గట్టిగా చదవండి. కొసల్ అని ఒక్కటే చదివితే ఎంతమంది కొసల్‌లో. సరుగుడు చెట్టు ఒడ్డు కొసల్ అని చదవండి. ఆయనకు తెలుస్తుంది.


కంపాంగ్ సోమ్

సారిన్,

ఈసారి మొక్కులు లేవు. కోపంతో మొక్కితే మొక్కించుకున్నవాడికే చెడ్డదని అమ్మే చెప్పింది.

ఏడు రోజులు వచ్చి ఏం చేస్తావు? నువ్వున్నన్నాళ్ళూ అమ్మ నీ ఎదురుగా చేతులు జోడించి కూర్చుంటుంది. నీ బస్సు మలుపు తిరగగానే నీళ్ళలో ఉంటుంది. ఎడమ పాదం నల్లబడింది. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. పుండు పొడిగా ఉంటే కాలు దక్కుతుందట. ఇంకా ఆ నీళ్ళు తగిలితే మోకాలి దాకా తీసేయాలట, అప్పటికీ ప్రాణానికి హామీ ఇవ్వలేడట. ఇది అమ్మకు చెబితే ఏమందో తెలుసా? "చెట్టుకు మాత్రం ఎన్ని కాళ్ళున్నాయే?" అంది. నవ్వింది కూడా.

ప్చుమ్ బెన్ వచ్చేస్తోంది. పదిహేను రోజులు పోయినవాళ్ళకు తలుపులు తెరిచి ఉంటాయి, ఆకలితో గుడి గుడికీ తిరుగుతారు. ఆ పదిహేను రోజులూ నీళ్ళు దిగి బయటికి రానని ఇప్పుడే చెప్పేసింది. తలుపు వేసి గడియ పెడితే కిటికీలోంచి దూకింది. పాదం అలా ఉండగా దూకింది.

ఇంకొకటి నీకు రాయలేదు. పొయ్యి మార్చిన రోజున అమ్మ నా నూడుల్స్ పాక మీద పొడుగాటి వెదురుగడ కట్టించి దానికి ఎర్ర బల్బు పెట్టించింది. దూరంనుంచి కనబడితే బేరం పెరుగుతుందంది. నిజమే పెరిగింది. మొన్న సాయంత్రం అమ్మను తీసుకురావడానికి నీళ్ళలోకి ఆమెను దాటి వెళ్ళి వెనక్కి తిరిగాను. అమ్మ తల మీద సరిగ్గా నా ఎర్ర బల్బు కూర్చుని ఉంది. చెట్టు బదులు ఆమె, శిఖరం బదులు నా పాక. ఇన్నాళ్ళూ రోజూ దాన్ని నా చేత్తోనే వెలిగిస్తున్నాను.

పీకేద్దామని పాకకు వచ్చి గడ పట్టుకున్నాను. అప్పుడు విన్నాను. నాన్న పడవ ఇంజను నీకు గుర్తుండదు. మూడుసార్లు దగ్గేది, ఊపిరి బిగబట్టినట్టు ఆగేది, మళ్ళీ ఒక్కసారి దగ్గి అందుకునేది. ఊళ్ళో ఏ పడవా అలా దగ్గదు, ఇసుక తోడే పడవలు అసలు దగ్గవు. దూరంగా, ఎక్కడ తిరగాలో తెలియక అక్కడక్కడే తిరుగుతున్నట్టు వినబడింది. సముద్రం మీద ఏమీ లేదు. బల్బు పీకలేకపోయాను. భయం వేసింది. వెలిగించడానికీ భయమే, ఆర్పడానికీ భయమే. చదువుకున్నవాడివి, నవ్వుకో.

నీ శీలం మీద చుక్క మురికి లేదు. మంచిది. ఇక్కడ అమ్మ కాలు కుళ్ళిపోతోంది. రెండింటిలో ఏది పోతే ఫరవాలేదో మీ గురువుగారిని అడిగి రాయి.

మాలిస్


బట్టంబాంగ్

అక్కా,

దీనితో ఇంకో కాగితం ఉంది. ప్చుమ్ బెన్ మొదలవకముందే అమ్మకు చదివి వినిపించు. నన్ను ఇంకేమీ అడగకు.

ఇకమీదట ఉత్తరాలు విహారానికి పంపొద్దు. హెంగ్ బాబాయ్ దగ్గరే ఉంచమను, నేనే వచ్చి తీసుకుంటాను.

కల రావడం లేదు. చివరిసారి వచ్చినప్పుడు ఆ అడుగులు నా చాప దాటి వెళ్ళిపోయాయి.

సారిన్


బట్టంబాంగ్
విహారం

నన్ను కన్న ఉపాసికకు ధర్మక్షేమం కలుగుగాక.

ఈ వర్షావాసంలో ధ్యానంలో కూర్చుని నాన్నను చూశాను. ఆయన సముద్రం మీద లేరు. మంచినీళ్ళున్న ఊళ్ళో, ఒక రైతు ఇంట మగబిడ్డగా పుట్టి ఉన్నారు. ఒడ్డు కోసం వెతకడం లేదు. ఆయన కోసం ఎవరూ గుర్తుగా నిలబడనక్కర్లేదు. ఇది నేను స్వయంగా చూసి చెబుతున్న మాట.

కాళ్ళు పొడిగా ఉంచుకోండి.

భిక్షు సారిన్


కంపాంగ్ సోమ్
ప్చుమ్ బెన్ ముగిసే రోజులు

తమ్ముడూ,

నీ కాగితం అమ్మకు చదివిన సంగతి ముందు చెబుతాను. ఎప్పటిలా నుదుటికి ఆనించుకోవడానికి చెయ్యి చాపింది. ఇచ్చాను. ఆనించుకుని, "చదువు" అంది. చదివాను. "ఇంకోసారి" అంది. మళ్ళీ చదివాను.

"స్వయంగా చూసి, అనే రాశాడా?"

"అవునమ్మా."

"సరే. ఆకలేస్తోంది, గంజి పెట్టు."

ఆ సాయంత్రం కండువా మేకుకే వేలాడింది. మంచం మీద కాళ్ళు చాపుకుని, చిన్నపిల్లలా నాచేత కట్టు కట్టించుకుంది. మర్నాడూ అంతే. ప్చుమ్ బెన్ మొదలైంది, అయినా దిగలేదు. గుడికి వెళ్ళి నాన్న పేరున అన్నం ముద్దలు పెట్టి వచ్చింది, అందరిలాగే. నేను చాటుకు వెళ్ళి బట్టంబాంగ్ దిక్కుకు తిరిగి నీకు మొక్కాను. డాక్టరు నిన్న పుండు చూసి కాలు దక్కిందన్నాడు.

తర్వాత హెంగ్ బాబాయ్ వచ్చాడు. బస్సు పక్కకు నన్ను తీసుకెళ్ళి, "మీ వాడు ప్యాంటూ చొక్కాలో ఉన్నాడే అమ్మాయ్. మా షెడ్డులో మూటలు దింపుతున్నాడు. జుట్టు ఇంకా రాలేదు, గొరిగిన కనుబొమలూ రాలేదు. చూడ్డానికి అదోలా ఉన్నాడు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు" అన్నాడు. నువ్వు ముందే రాశావు, ఏమవుతుందో అంతా వివరంగా రాశావు. చదివి కూడా నిన్ను నేనే తోశాను. అయినా, మళ్ళీ అమ్మ కాలు అలా ఉంటే మళ్ళీ తోస్తాను. అది కూడా నిజమే, రాయకుండా ఉండలేను.

అమ్మకు చెప్పకూడదనుకుని ఇంటికొచ్చాను. నీకు ఉత్తరం రాయమని కాగితం తనే తెచ్చి పెట్టింది. పైన "పూజ్యులైన" అని మొదలుపెట్టగానే చెయ్యి పట్టుకుంది.

"అలా రాయకు. వాడికి ముల్లులా గుచ్చుకుంటుంది. తమ్ముడూ అని రాయి."

"హెంగ్ బాబాయ్ నీకూ చెప్పాడా?"

"ఆయనెందుకే చెప్పడం? వాడికి కాషాయం కట్టిన రోజునే ఆ నాలుగూ విప్పి చెప్పారు. వాడు వణుకుతూ విన్నాడు. నేను చెవులు రిక్కించుకుని విన్నాను. నువ్వు మొదటి ముక్క చదవగానే తెలిసింది, నా కొడుకు మొవ్వు నరుక్కున్నాడని."

"మరి నమ్మినట్టు ఎందుకు ఊరుకున్నావు?"

"ఈ కాలి కోసం వాడు అంత పోగొట్టుకున్నాడు. మళ్ళీ తీసుకెళ్ళి మురుగులో పెట్టనా?"

అని ఏడ్చింది తమ్ముడూ. నాన్న పోయినప్పుడు కూడా మన ముందు ఏడవని మనిషి, నా భుజం మీద పడి ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "నేను నమ్మేశానని రాయి. వాడికి అదైనా మిగలాలి" అంది. నేను రాయడం లేదు. ఈ ఇంటికి ఒక అబద్ధం చాలు.

ఒకటి మాత్రం ఆమెకు చెప్పలేదు. అమ్మ దిగడం మానేసిన మొదటి సాయంత్రం అలవాటు చొప్పున ఎర్ర బల్బు వెలిగించాను. తెల్లారి ఒడ్డుకు వెళ్ళి చూస్తే నల్ల ఇసుక మీద దున్నినట్టు ఒక చాలు ఉంది. పడవను ఒడ్డుకు లాగితే అడుగు గీసే చాలు. నీళ్ళలోంచి, చెట్టు మొదలు పక్కగా వచ్చి, తిన్నగా నా పాక వైపు తిరిగి ఆగింది. పడవ లేదు. అడుగులు లేవు. ఇసుక తోడేవాళ్ళు గొట్టం ఈడ్చిన గుర్తే అయ్యుంటుందని కాలితో చెరిపేశాను. అది నాన్నే అయితే, ఇన్నేళ్ళకు ఆయన వచ్చిన రోజున అక్కడ ఎవరూ లేరు. ఇది నువ్వూ నేనూ మోయాల్సిందే. ఆ తర్వాత ఇంజను చప్పుడు వినబడలేదు. బల్బు తీసేశాను.

ఇప్పుడు సాయంత్రాలు అమ్మ ఎక్కడుంటుందో చెప్పనా? కట్టు తడవకుండా పాదానికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, నాన్న గళ్ళ కండువా తలకు చుట్టుకుని, పెద్ద రోడ్డు మీద బట్టంబాంగ్ బస్సు ఆగే చోట నిలబడుతుంది. దిగేవాళ్ళ ముఖాలన్నీ చూసి, ఆఖరి మనిషి దిగాక హెంగ్ బాబాయ్‌ని ఒకసారి చూసి, ఇంటికొస్తుంది. తోడుగా వెనక నిలబడబోతే కసిరింది.

"సముద్రం మీద వచ్చేవాడికే రెండు గుర్తులు కావాలి. వాడు రోడ్డు మీద వస్తాడు, నేనొక్కదాన్ని చాలు. నువ్వు పోయి పొయ్యి చూసుకో."

నువ్వు సిగ్గుపడి ఆగుతున్నావేమోనని ఆమె అనుమానం. కనుబొమలు మొలిచేదాకా ఆగొద్దని రాయమంది.

నీ అక్క
మాలిస్